కింది సగం

గురజాల హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసే వాసంతి ఇంటికి రెండు వారాలకోసారి, ఆదివారం పూట, మాచర్ల నుంచి ఒకాయన వచ్చేవాడు. పొద్దున ప్యాసింజరు దిగి, పాత లుంగీలో చుట్టిన ప్లైవుడ్ చెక్కలు చంకన పెట్టుకుని స్టేషన్ నుంచి నడిచి వచ్చేవాడు. వరండా ముందు చెప్పులు విడిచి, "టీచరమ్మా, ఉన్నారా?" అని ఒక్కసారి పిలిచేవాడు. లోపలికి వినపడకపోతే రెండోసారి పిలవడు. గోడకానుకుని కూర్చునేవాడు. ఆయన పేరు ఇమాం సాహెబ్. అరవైకి దగ్గర పడినవాడు.

ముప్ఫై ఏళ్ళు బోర్డులు రాసి బతికాడాయన. మాచర్లలో పురుగుమందుల షాపుల పేర్లు, రెంటచింతల వైపు మిల్లుల గోడలు, ట్రాక్టరు ట్రక్కుల వెనక రైతుల పిల్లల పేర్లు, ఎలక్షన్లొస్తే అన్ని పార్టీల గుర్తులూ ఆయన చేతిమీదే లేచేవి. గీత గీసుకోకుండా రాసినా అక్షరాల వరస తప్పదని పేరు. ఫ్లెక్సీలు వచ్చాక రెండేళ్ళు ఓపిక పట్టాడు. తోటి పెయింటర్లలో ఒకాయన ఆటో తోలుకున్నాడు, ఇంకొకాయన ఆ ఫ్లెక్సీ షాపులోనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇమాం సాహెబుకు ఆ రెండూ చేతకాలేదు. నంబరు ప్లేట్లు, స్కూలు గోడలు, ఏది దొరికితే అది రాసుకుంటూ పోయాడు.

వాసంతికి పరిచయమైంది కూడా స్కూలు గోడ దగ్గరే. ప్రహరీ మీద దేశపటం, అక్షరమాల వేయడానికి వచ్చాడు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళితే, సైకిల్ షెడ్డు నీడన కూర్చుని, చిన్న ప్లైవుడ్ ముక్క ఒళ్ళో పెట్టుకుని, డబ్బాల అడుగున మిగిలిన ఎనామిల్‌తో ఏదో వేసుకుంటున్నాడు. వాసంతి వెనక నిలబడి చూసింది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీ. తలమీద గంపతో ఒక ఆడమనిషి. ముఖం నిండా తెల్లటి దుమ్ము, కళ్ళు మాత్రం ఎర్రగా. క్యాలెండరులోనో సెల్లులోనో చూసి దించిన బొమ్మ కాదు. ఆ మనిషిని ఆయన ఎప్పుడో చూశాడు, మరిచిపోలేదు. అంతే.

"చానా బాగుందన్నా" అంది వాసంతి.

ఆయన వెనక్కి తిరిగి చూసి, కుంచె తుడుచుకుంటూ, "బాగుందని చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారమ్మా, మా ఆవిడా, మా బిడ్డా. మీరు డ్రాయింగు టీచరంట గదా. తప్పు యాడుందో చెప్పండి" అన్నాడు.

వాసంతి తడబడింది. అట్టా అడిగినవాళ్ళు లేరామెను. మళ్ళీ బొమ్మ వైపు చూసింది. కాసేపటికి కనపడింది. "గంప బరువు మెడ మీద పడలేదన్నా. ఖాళీ గంప మోస్తున్నట్టుంది" అంది.

 ఆయన చెక్కను దూరంగా పట్టుకుని చూసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత స్కూలు పని అయిపోయింది, వెళ్ళిపోయాడు. ఇంకో పది రోజులకు ఆదివారం పూట ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అదే ఆడమనిషి, కొత్త చెక్క మీద. ఈసారి మెడ నరాలు లేచి, గడ్డం కాస్త ముందుకొచ్చి, గంప నిండా రాయి ఉందని చూడగానే తెలుస్తోంది.

వాసంతి సొంతూరు నకరికల్లు. తండ్రి నరసింహారావు మిరప రైతు, ఊళ్ళో నలుగురిలో మాట చెల్లే మనిషి. ఇంటర్ అయ్యాక విశాఖపట్నం వెళ్ళి పెయింటింగ్ చదువుకుంటానంటే, "బొమ్మలెయ్యడానికి అంత దూరం ఎందుకే? ఈడ గోడలు లేవా?" అని నవ్వేశాడు. ట్రైనింగు చేయించాడు, టీచరుద్యోగం వచ్చింది, పెళ్ళయింది. భర్త గోపీనాథ్ నరసరావుపేటలో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు, రోజూ పోయి వస్తాడు. చాలా ఏళ్ళ పాటు ఆమె కూడా సెలవుల్లో రంగులు తీసేది. తన బొమ్మల్లో తప్పేమిటో తనకే స్పష్టంగా కనపడేది, దిద్దడానికి చేయి సాగేది కాదు. నలభై దాటాక మానేసింది. కన్ను మాత్రం మిగిలింది. ఆ కన్నుకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది.

వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. ఆయన చెక్కలను వరండా గోడకు నిలబెట్టేవాడు. వాసంతి ఎదురుగా స్టూలు వేసుకుని పది నిమిషాలు మాట్లాడకుండా చూసేది. ముందు కుదిరిందేమిటో చెప్పేది, దిద్దబోయి దాన్ని పోగొట్టుకోకూడదని. ఆ తర్వాత ఒక తప్పు చెప్పేది. ఎన్ని కనపడినా ఒక్కటే. మిగతావి తర్వాతి ఆదివారానికి దాచుకునేది. "నీడకు నలుపు వాడుతున్నారన్నా. నలుపు కలపకుండా నీడ వేసి తీసుకురండి" అంటే, రెండు వారాల్లో నీలమూ ఇటుక రంగూ కలిపి నీడలు వేసి తెచ్చేవాడు. "అందరూ మనల్నే చూస్తున్నారు, ఫోటోకు నిలబడ్డట్టు" అంటే, తర్వాతి బొమ్మలో ఎవరి పనిలో వాళ్ళున్నారు.

రెండేళ్ళలో ఆయన ఎక్కడికో వెళ్ళిపోయాడు. మిరప కల్లంలో రంగు చెడిన తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ బొమ్మ ఒకటి తెచ్చాడు. కల్లమంతా మిరపకాయలే, అయినా చూస్తే ఎరుపు కంటే ముందు ఎండ కనపడుతుంది. వాసంతి ఆ రోజు తప్పు చెప్పడానికి చాలాసేపు వెతుక్కోవలసి వచ్చింది. ఆయన వెళ్ళాక గోపీనాథ్‌తో, "నేను చెయ్యలేనిది ఆయన చేస్తున్నాడు. నేను చెప్పబట్టి చేస్తున్నాడు" అంది. అది గర్వమే. ఆ గర్వం ఆమెకు జీవితంలో ఇంకెక్కడా దొరకలేదు.

మూడో ఏడు మొదట్లో ఒక బొమ్మ తెచ్చాడు. వినుకొండ బస్టాండు. సంచులు, పిల్లలు, బస్సు కోసం మెడలు చాపిన జనం. పై భాగం బ్రహ్మాండంగా ఉంది. కింద మాత్రం ఏదో తేడా. మోకాళ్ళ కిందికి వచ్చేసరికి మనుషులు తేలిపోయారు. నేల పలచటి రంగు పూతగా మిగిలిపోయింది.

"నేల లేదన్నా" అంది వాసంతి. "జనం గాల్లో వేలాడుతున్నట్టున్నారు."

"చూస్తానమ్మా" అన్నాడు.

మళ్ళీ తెచ్చాడు. అదే తప్పు. ఇంకోసారి వేసుకొచ్చాడు. ఈసారి నేలకు ముదురు రంగు పూశాడు గానీ పాదాలు లేవు. ఒక మనిషికి మోకాలి దగ్గర మొదలుపెట్టి వదిలేశాడు. వాసంతి బాగా ఆలోచించింది. ఆమెకొక కారణం తట్టింది, అది ఆమెకు చాలా నచ్చింది కూడా. "మీరు ముప్ఫై ఏళ్ళు అక్షరాలు రాశారు గదన్నా. బోర్డు మీద అక్షరానికి నేల అక్కర్లేదు, ఎక్కడైనా నిలబడుతుంది. మనిషికి నేల కావాలి. మీ చేతికింకా ఆ అలవాటు పోలా" అని వివరించింది.

ఆయన తల ఊపాడు. "నిజమే అయ్యుంటుంది" అన్నాడు. ఆ తర్వాత ఆరు బొమ్మలు కింది భాగం కోసమే వేశాడు. ఆరింటికీ ఆమె అదే మాట చెప్పింది. ఒక బొమ్మలో కింద మూలన సంతకం రెండుసార్లుంది, ఒకదాని మీద ఒకటి. "ఏందన్నా, రెండు సంతకాలా? పరధ్యానమా?" అని వాసంతి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. వెళ్ళేటప్పుడు వరండా మెట్టు తప్పి తూలి, స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "వయసు" అన్నాడు.

తర్వాత సున్నపు బట్టీల బొమ్మ వచ్చింది, పెద్ద చెక్క మీద. ఐదుగురు ఆడవాళ్ళు గంపలతో వరసగా నడుస్తున్నారు. మోకాళ్ళ కింద అంతా తెలుపు. పాదాలు లేవు, నేలా లేదు, తెల్లటి దుమ్ములోంచి మనుషులు లేచి వస్తున్నట్టుంది. వాసంతి స్టూలు మీంచి లేచింది.

"కుదిరిందన్నా! ఇన్నాళ్ళకు కుదిరింది. కాళ్ళు దుమ్ములో కలిపేశారు. కావాలనే వదిలేశారు గదా?"

ఇమాం సాహెబ్ ఆమె ముఖం వైపు చూశాడు. ఆరేడు నెలలుగా కింది భాగం గురించి ఆ నోటి నుంచి బాగుందన్న మాట రాలేదు.

"ఆఁ" అన్నాడు.

ఆ బొమ్మను వాసంతే పట్టుబట్టి నరసరావుపేటలో ఒక కళ్యాణమంటపంలో పెట్టిన చిత్రకళా ప్రదర్శనకు పంపించింది. గుంటూరు నుంచి జడ్జిగా వచ్చిన రిటైర్డ్ లెక్చరరు దాని ముందు నిలబడి, "పాదాలు చూపించకుండానే నడక చూపించాడు. ఈ ధైర్యం చదువుకున్నవాళ్ళకు రాదు" అన్నాడు. మొదటి బహుమతి. శాలువా కప్పారు. జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. ఇమాం సాహెబ్ భార్య హజ్రా బీ ఆ పేపరు మడత పెట్టి బీరువాలో దాచుకుంది. వేదిక దిగేటప్పుడు ఆయన చివరి మెట్టు చూసుకోక ముందుకు పడబోతే, శాలువా కప్పిన పెద్దమనిషే పట్టుకున్నాడు. అందరూ సంతోషంలో కంగారు పడ్డాడనుకున్నారు.

ఆ తర్వాత నాలుగు నెలల్లో తెచ్చిన బొమ్మలన్నిటికీ కింద ఖాళీయే. బస్టాండులో దుమ్ము లేదు, కాలువ గట్టున దుమ్ము లేదు, మసీదు ముందు అరుగు మీద కూర్చున్న ముసలాళ్ళకు దుమ్మెక్కడిది? వాసంతికి విసుగొచ్చింది. బహుమతి వచ్చింది గదా అని అదే పట్టుకున్నాడనుకుంది.

"అన్నా, ఒకసారి చేస్తే బాగుంటుంది. ప్రతి బొమ్మకూ అదే ట్రిక్కు వాడితే ఎట్టా? కష్టమైన చోటు తప్పించుకుంటున్నారని తెలిసిపోతుంది" అంది, కాస్త గట్టిగానే.

ఇమాం సాహెబ్‌కు కోపం రావడం ఆమె అంతకు ముందు చూడలేదు.

"ట్రిక్కేందమ్మా? తప్పించుకోవడమేంది? ఈ అరుగు మీది ముసలాయనకు కాళ్ళేశా. చెప్పులు కూడా ఏశా, పట్టీలతో సహా. మొన్న మూడు గంటలు కూర్చుని ఏశా. సరిగ్గా చూడండి!"

"చూస్తున్నానన్నా. లేవు."

"ఉన్నాయి!"

ఆయన విసురుగా లేచి, చెక్క ముందు గొంతుక్కూర్చుని, తల కిందికి వంచి ముఖం దగ్గరికి పెట్టాడు. చూపుడువేలు అరుగు అంచు వెంబడి జరిపాడు. వేలు ఆగింది. చెప్పులు ఉన్నాయి. ముసలాయన కాళ్ళ దగ్గర కాదు, జానెడు పక్కకు, ఎవరివీ కానట్టు, పట్టీలతో సహా. ఒకటి పైకి ఒకటి కిందికి. వాసంతి వాటిని చెక్క మీద పడ్డ రంగు మరకలనుకుంది.

ఇమాం సాహెబ్ అట్లాగే కూర్చున్నాడు. వేలు తీయలేదు.

వాసంతికి వరండా మెట్టు గుర్తొచ్చింది. రెండు సంతకాలు గుర్తొచ్చాయి. కిందటిసారి టీ గ్లాసు స్టూలు మీద పెట్టబోయి గాల్లో వదిలేశాడు, అదీ గుర్తొచ్చింది. 

"అన్నా, ఇటు తిరిగి కూర్చోండి. నా బొట్టు వైపు చూడండి. కళ్ళు కదపొద్దు" అంది. ఒక కుంచె తీసుకుని నడుము దగ్గర పట్టుకుంది. "ఇది కనపడగానే చెప్పండి."

మెల్లగా పైకి లేపడం మొదలుపెట్టింది. నడుము దాటింది, రొమ్ము దాటింది. ఆయన బుద్ధిగా ఆమె బొట్టునే చూస్తున్నాడు. మెడ దగ్గరికి వచ్చింది.

"ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగాడు.

కుంచె గడ్డం దాటాక, "ఇదిగో, ఇప్పుడు కనపడింది" అన్నాడు.

గుంటూరులో కంటాసుపత్రికి ఆయన కూతురు అబిదా, వాసంతి కలిసి తీసుకెళ్ళారు. ఒక యంత్రంలో తల పెట్టించి, చుక్కలాంటి వెలుగు కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఒక్కో కంటికి చాలాసేపు పట్టింది. యంత్రం నుంచి వచ్చిన కాగితాలు అబిదా చేతికిచ్చి డాక్టరు గది ముందు కూర్చోమన్నారు. అబిదాకు ఏమీ అర్థం కాక వాసంతి చేతికిచ్చింది.

రెండు గుండ్రటి పటాలు. పై సగం తెలుపు. కింది సగం బూడిద రంగు, దాని కింద నలుపు. అంచులు మెత్తగా కలిసిపోయి, చేత్తో షేడింగ్ చేసినట్టున్నాయి. వినుకొండ బస్టాండు, కాలువ గట్టు, మసీదు అరుగు, అన్నిటిలో ఖాళీ సరిగ్గా ఎక్కడ మొదలయ్యేదో ఈ కాగితంలో నలుపు అక్కడే మొదలైంది. ఏడాదికి పైగా ఆయన ఈ పటాన్ని ఆమె వరండాకు తెస్తూనే ఉన్నాడు. ఆమె ప్రతిసారీ దాని ముందు స్టూలు వేసుకుని పది నిమిషాలు చూసింది.

డాక్టరు చిన్న వయసావిడ. నెమ్మదిగా చెప్పింది. నీటికాసులు, అంటే గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయింది. నొప్పి ఉండదు, నల్లగా కూడా కనపడదు, లేని చోట ఏదో ఉన్నట్టే మెదడు పూరించుకుంటుంది, అందుకే తెలియలేదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోవాలి, అది కూడా ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేం.

వాసంతి అడగకూడని మాట అడిగింది. "ఏడాది ముందు వచ్చుంటే?"

"అప్పటికి ఇంత పోయుండేది కాదు. కొంత దక్కేది" అంది డాక్టరు.

ఇమాం సాహెబ్ పక్కనే ఉన్నాడు.  బయటికొచ్చాక అబిదా మందుల కోసం కౌంటరు దగ్గరికి వెళ్ళింది. వాసంతి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది.

"నేనే ఆలస్యం చేశానన్నా. కనపడుతూనే ఉంది. నాకు తెలియలా."

"మీరు చెప్పారు గదమ్మా. ప్రతిసారీ చెప్పారు. కింద లేదు, కింద లేదని."

"చేతి తప్పనుకున్నా."

"నేనూ అట్టాగే అనుకున్నా." ఆయన అరచేతులు రెండూ తిరగేసి చూసుకున్నాడు, ముఖానికి బాగా దగ్గరగా తెచ్చుకుని. "చేతి తప్పయితే దిద్దుకునేవాణ్ణి" అన్నాడు.

మళ్ళీ ఆయనే, "ఆ బట్టీ బొమ్మ... కాళ్ళు నేను వదల్లేదమ్మా. ఏశాననుకున్నా. మీరంత సంతోషపడితే కాదనలేకపోయా" అన్నాడు.

వాసంతి ఊరుకోలేదు. ఇంటర్నెట్‌లో చదివింది, తెలిసినవాళ్ళను అడిగింది, రాత్రీ పగలూ అదే ఆలోచించింది. చివరికి ఒక ఉపాయం తోచింది. చెక్కను తలకిందులుగా పెట్టి వేయమంది. కింది భాగం అప్పుడు పైకొస్తుంది, పైన ఆయనకు చూపుంది. పాదాలు ముందు తలకిందులుగా వేసి, ఆరాక తిప్పి, తలలు వేయాలి. అక్షరాలను వెనక నుంచి కూడా రాయగలిగిన చేయి అది, షాపుల అద్దాల మీద లోపలి వైపు నుంచి అట్లా ఎన్ని రాసిందో. రెండు మూడు బొమ్మలు పాడయ్యాక కుదిరింది. దాచేపల్లి వైపు నాపరాళ్ళ క్వారీ బొమ్మ తెచ్చాడు. రాళ్ళ మీద పాదాలు గట్టిగా ఆనుకుని ఉన్నాయి. కాలి వేళ్ళు రాతిని పట్టుకుని ఉన్నాయి.

"నేలుందన్నా" అంది వాసంతి.

"తప్పు చెప్పండి" అన్నాడాయన.

"నేలకూ మనుషులకూ మధ్య నడుము దగ్గర అతుకు తెలుస్తోంది. రెండు బొమ్మలు కలిపినట్టుంది."

ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "అది దిద్దొచ్చు" అన్నాడు.

అట్లా నాలుగు నెలలు నడిచింది. ఆ నాలుగు నెలలే. చుక్కలు వేస్తున్నా ఒత్తిడి దిగలేదు. కుడి కంటికి ఆపరేషన్ చేశారు. ఆ కన్ను ఇంకా మసకబారింది. ఎడమ కన్ను పైనుంచి కూడా మూసుకుపోవడం మొదలైంది. రైల్లో ఒక్కడే రాలేక అబిదాను వెంటబెట్టుకుని వచ్చేవాడు. నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా తేడా తెలియక మూతల మీద హజ్రా బీ చేత దారాలు కట్టించుకున్నాడు, ఒకదానికి ఒక ముడి, ఇంకొకదానికి రెండు. వాసంతి ఇప్పుడు పెద్ద తప్పులు వదిలేసి, చెప్పదగిన చిన్న తప్పు కోసం వెతికేది. "ఆకాశం కాస్త బరువైంది" లాంటివి చెప్పేది. ఆయన వినేవాడు.

చివరి బొమ్మ ఆ ఏటి కార్తీకంలో తెచ్చాడు. ఒక్కటే చెక్క. లుంగీ విప్పి తానే తడుముకుని గోడకు నిలబెట్టాడు.

"మా ఆవిడ" అన్నాడు. "ముప్ఫై నాలుగేళ్ళయింది పెళ్ళయి. ఎన్నడూ ఏయలా. పోలికలు బాగా వచ్చినయని అబిదా అంటోంది."

అబిదా తల దించుకుని చీరకొంగు సర్దుకుంటోంది.

వాసంతి స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక కన్ను నుదుటి మీదికి వెళ్ళింది. బుగ్గ మీద గోధుమరంగు అనుకుని ముదురాకుపచ్చ పూశాడు. ముక్కు ఉండాల్సిన చోట రెండు ముక్కులున్నాయి, ఒకటి వేసి మరిచిపోయి ఇంకొకటి వేసినట్టు. తలమీద ముసుగు అంచు మాత్రం, ఒక్క గీతలో, చేయి వణక్కుండా వంపు తిరిగింది. చెవి దగ్గర నుంచి భుజం దాకా అంత అందమైన గీత ఆయన ఎప్పుడూ గీయలేదు. ఆ గీత గురించి చెప్పొచ్చు. ఆ తర్వాత? ఏ తప్పు చెప్పాలి? కన్ను చెప్పాలా, ముక్కు చెప్పాలా? చెబితే ఆయన దిద్దడానికి వెళ్ళాలి. దేనితో దిద్దుతాడు?

పది నిమిషాలు అయ్యాయి. ఎక్కువే అయ్యుంటాయి.

"బాగుందన్నా" అంది.

ఇమాం సాహెబ్ ఆగాడు. "తర్వాత?"

"అంతే. బాగుంది."

 ఆయన చేత్తో వెతుక్కుని చెక్క తీసుకున్నాడు. లుంగీ చుట్టాడు. "టీ పెడతా, కూర్చోండన్నా" అని వాసంతి అంటే, "బండి టైమైంది" అన్నాడు. బండికి ఇంకా రెండు గంటలుంది. అబిదా చేయి పట్టుకుని మెట్టు దిగాడు. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "ఇన్నేళ్ళలో మీరు అంతే అనలేదమ్మా ఎప్పుడూ" అన్నాడు.

ఆ తర్వాత ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే హజ్రా బీ ఎత్తి, "పడుకున్నాడమ్మా" అనేది, ఎప్పుడు చేసినా. వాసంతికి స్కూలు, పరీక్షలు, ఎండాకాలం. వెళ్ళాలని అనుకుంటూనే ఆరు నెలలు గడిచాయి. వెళితే ఏం చెప్పాలో తెలియకనే వెళ్ళలేదని ఆమెకూ తెలుసు.

మే నెలలో వెళ్ళింది. మాచర్లలో ఎండ పెళపెళలాడుతోంది. సందు చివర రెండు గదుల ఇల్లు. ఇమాం సాహెబ్ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గొంతు విని గుర్తుపట్టాడు. లేవబోతే వాసంతి వారించి పక్కన కుర్చీలో కూర్చుంది. హజ్రా బీ మజ్జిగ తెచ్చిచ్చింది. నీళ్ళ ట్యాంకరు మూడు రోజులుగా రావట్లేదని, కాలువకు నీళ్ళు ఎప్పుడొదులుతారో తెలియదని ఆయన మాట్లాడాడు. బొమ్మల మాట ఎత్తలేదు.

వాసంతి ఉండబట్టలేకపోయింది.

"అన్నా, ఆ రోజు నేను అబద్ధం చెప్పా. కుడికన్ను పైకి పోయింది. బుగ్గకు ఆకుపచ్చ పడింది. ముక్కు రెండుసార్లొచ్చింది. ముసుగు అంచు మాత్రం... అట్టాంటి గీత మీరు అంతకు ముందెప్పుడూ గీయలా. అది చెప్పి, ఆ గీత వరకే ఉంచుకుని ముఖం వదిలేయమని చెప్పాల్సింది. గీతలతోనే ఒక బొమ్మ చేయొచ్చని చెప్పాల్సింది. నాకు ధైర్యం చాల్లేదు."

ఆయన చెవి ఆమె వైపు తిప్పి విన్నాడు, వరండాలో కూర్చుని విన్నట్టే. 

"ఆ మాట ఆ రోజే చెప్పుంటే ఇంకొకటి ఏసేవాణ్ణేమో టీచరమ్మా" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. "అప్పుడు గీత కనపడేది. ఇప్పుడు వెలుతురు ఒక్కటే తెలుస్తోంది."

వాసంతి మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"బొమ్మలున్నాయా అన్నా? ఒకసారి చూస్తా" అంది.

ఆయన గది వైపు చేయి చూపించాడు. గోడవారగా చెక్కలన్నీ ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి. వాసంతి మొదటిది తిప్పింది. తెలుపు. రెండోది, మూడోది. అన్నీ తెలుపే. బట్టీ బొమ్మ కొలతను బట్టి గుర్తుపట్టింది, అది కూడా తెలుపే. ఎక్కడా కుంచె జాడ కూడా తెలియకుండా, అంచు నుంచి అంచు దాకా బొమ్మల మీద తెల్ల ప్రైమరు పూసేశాడు.

"చేత్తో తడుముకుంటూ కొట్టా. వారం పట్టింది" అన్నాడు వాకిట్లోంచి. "చెక్క మంచిదమ్మా. ఎవరన్నా కొత్తగా నేర్చుకునేవాళ్ళుంటే ఇవ్వండి."

హజ్రా బీ వాకిలి దగ్గర నిలబడి, "నాది ఒక్కటన్నా ఉంచమన్నా. వినలా" అంది నెమ్మదిగా.

వాసంతి చెక్కలేవీ తెచ్చుకోలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గురజాల దాకా కళ్ళు మూసుకునే కూర్చుంది.

జూన్‌లో ఆమెకు బెల్లంకొండ మండలంలో ఒక స్కూలుకు బదిలీ అయింది. కొత్త స్కూల్లో పిల్లలు డ్రాయింగ్ పుస్తకాలు తెచ్చి చూపిస్తే, పేజీ కింద తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చేస్తుంది. బాగుందనీ చెప్పదు, బాగాలేదనీ చెప్పదు. ఆగస్టులో అబిదా ఫోన్ చేసింది. నాన్నకు ఇప్పుడు వెలుతురు కూడా తెలియడం లేదని చెప్పింది. ఏమైనా కావాలా అని వాసంతి అడిగితే, ఏమీ వద్దు, ఊరికే చెప్పమన్నాడు, అంది.